మూగలోయ ఓట్లు

పదమూడు కొండల అడవికి పైన ఎక్కడో ఒక సింహం ఉందని, అడవులన్నీ దాని కిందేనని అంటారు. ఉంటే ఉండనీండి. ఈ కొండల్లో దాని ముఖం చూసిన పాపాన ఎవరూ పోలేదు. ఏ వాగులో ఎవరు ముందు తాగాలి, ఏ మేత ఎవరిది, పులి పొలిమేర దాటి వస్తే ఎటు పరుగెత్తాలి, ఇవన్నీ తేల్చేది ఇక్కడి ముఖ్యమంత్రి. ఆయన కుర్చీ నిజానికి కుర్చీ కాదు, వాగు ఒడ్డున ఉన్న ఒక నున్నటి నల్లబండ. అయిదేళ్ళకోసారి దానికోసం జరిగే కొట్లాట మాత్రం మన దగ్గర జరిగేదానికేమీ తీసిపోదు.

ఓటు వేసే పద్ధతి చెప్తాను. ఎండలు ముదిరి వాగు తగ్గాక ఒడ్డున మెత్తటి ఒండ్రుమట్టి తేలుతుంది. దాన్ని రాళ్ళ వరసతో రెండుగా విడదీస్తారు. ఇద్దరు అభ్యర్థులకు చెరో సగం. ప్రతి జీవీ తనకు నచ్చినవాడి సగంలో కుడి ముందరికాలు ఒక్కసారి మోపి, రాళ్ళ మీదుగా బయటికి పోవాలి. పక్షులైతే కుడికాలు. పొద్దు వాలాక ఎన్నికల అధికారి ఆ అడుగులు చూసి పేరు పేరునా పైకి చదువుతాడు. అధికారి ఎల్లమంద అనే ముసలి తాబేలు. నూట ఇరవై ఏళ్ళున్నా కన్ను చెక్కుచెదరలేదు. ఏ అడుగు ఎవరిదో తప్పకుండా చెప్తాడు. ఓటర్ల లిస్టు మొత్తం ఆయన బుర్రలోనే ఉంటుంది.

గెలిచినవాడు వెంటనే బండ ఎక్కి కూర్చోవడానికి లేదు. ముందు తనకు ఓటేసిన ప్రతివాడి గడపకూ స్వయంగా వెళ్ళి, పేరు పెట్టి పిలిచి, "మీ ఓటుకు దండం, మీ మాట వింటాను" అని తల వంచి రావాలి. పోయినసారి గెలిచిన అడవిదున్న పోలయ్య దీనికోసం పదకొండు రోజులు తిరిగాడు. అంత మనిషీ పందికొక్కు బొరియ ముందు మోకాళ్ళ మీద కూలబడి దండం పెడుతుంటే చూసినవాళ్ళకు నవ్వూ వచ్చింది, కళ్ళలో నీళ్ళూ తిరిగాయి. (దున్నను మనిషి అన్నానా? పోలయ్యను ఎరిగినవాళ్ళు అలాగే అంటారు.)

ఇక లిస్టులోంచి పేరు తీసేయాలంటే ఒకటే దారి. పోయినవాడి సొంతవాళ్ళు ఎల్లమంద ముందు నిలబడి "పోయాడు" అని మూడుసార్లు నోటితో చెప్పాలి. ఇంకెవరు చెప్పినా చెల్లదు.

నిరుటి వేసవిలో కార్చిచ్చు వచ్చింది. తూర్పు కొండ తగలబడుతుంటే నలభై మంది ప్రాణభయంతో పక్కనున్న లోయలోకి దిగారు. మంట కూడా వాళ్ళ వెనకే దిగింది. ఆ లోయను మూగలోయ అంటారు, అరిస్తే ప్రతిధ్వని రాదు. ఆ రోజు అందులోంచి ఒక్క కేక కూడా పైకి వినపడలేదు. నెల్లాళ్ళు పొగ లేచింది, తర్వాత అదీ ఆగింది. ఎవరూ కిందికి దిగి చూడలేదు. చూడకపోతే జరగనట్టే అనుకున్నారు. ఎల్లమంద దగ్గరికి వెళ్ళి "పోయాడు" అన్నవాళ్ళు కూడా లేరు. వాళ్ళను నేను తప్పుపట్టను, ఆ స్థితిలో మీరైనా నేనైనా ఇంకేం చేస్తాం? కానీ ఆ మాట చెప్పనందువల్ల ఏం జరిగిందో మాత్రం వినండి.

ఈసారి పోలయ్య మీద నిలబడింది గురవయ్య అనే నక్క. వాడి వెంట సోములు అనే కాకి. వాడి పీఏ, వాడి మైకు, వాడి సర్వే సంస్థ, అన్నీ సోములే. ఎన్నిక నాలుగు రోజుల్లో ఉందనగా ఇద్దరూ ఒక పొద చాటున కూర్చున్నారు.

"చెట్టు చెట్టుకూ తిరిగొచ్చా బావా. ముప్పై తొమ్మిది తక్కువున్నాం" అన్నాడు సోములు.

"ముప్పై తొమ్మిది సంపాదిస్తే?"

"సమానం అవుతుంది. సమానమైతే పెద్దవయసు వాడికి ఇస్తారు. అంటే మళ్ళీ పోలయ్య మామే. నీకు నలభై కావాలి."

"జింకలకు పులి రాకుండా కంచె వేయిస్తానని చెప్పావా?"

"చెప్పా. దేంతో వేయిస్తాడని అడిగారు."

"కుందేళ్ళకు?"

"కుందేళ్ళయితే నా మొహం మీదే నవ్వాయి."

గురవయ్య తోక దులుపుకున్నాడు. "బతికున్నవాళ్ళతో ఇదే తంటా. ఎదురు ప్రశ్నలేస్తారు."

"బతికున్నవాళ్ళని కాక ఇంకెవర్ని అడుగుతావు బావా?"

గురవయ్య తూర్పు కొండ వైపు చూశాడు. సోములు కూడా చూశాడు. వాడి మెడ మీది ఈకలు లేచి నిలబడ్డాయి.

"వద్దు బావా."

"లిస్టులో పేర్లున్నాయా లేదా?"

"ఉన్నాయి. కానీ..."

"పోయారని ఒక్కరైనా చెప్పారా? చెప్పలేదు. చట్టం ప్రకారం నలభై మందీ ఓటర్లే. ఓటెయ్యడానికి ఒక కాలుంటే చాలు. ఆ కాళ్ళు కిందే పడున్నాయి."

మర్నాటి నుంచి మూడు రోజులు గురవయ్య లోయలోకి దిగాడు. ఎముకలంటే వాడికి భయమేముంటుంది, రోజూ కొరికేవే. కింద బూడిద మోకాలి లోతుంది, గాలి అన్నదే లేదు. అంతా ఒకచోట గుమిగూడి పడున్నారు, పెద్దవాళ్ళు బయట, చిన్నవాళ్ళు లోపల. గురవయ్య అదేమీ చూడలేదు. కుడి ముందరికాళ్ళు మాత్రం చూసుకుని, కొరికి, తీగతో మోపుకట్టాడు. మొత్తం ముప్పై తొమ్మిది దొరికాయి. నలభయ్యోది బంగారి అనే కణితి జింకపిల్లది. ఎదిగిన పిల్లే, ఇది మొదటి ఓటు. ఆ ఒక్క గిట్ట కోసం బూడిదంతా తవ్విపోశాడు. ఎక్కడా కనిపించలేదు.

"సమానం దగ్గర ఆగిపోతామే" అని పళ్ళు కొరుక్కుంటూ పైకొచ్చాడు. ఎవరైనా ఒక్క తలమాసినవాడు చివర్లో మనసు మార్చుకోకపోతాడా అన్నదొక్కటే ఆశ.

ఎన్నిక రోజు పొద్దున్నే బారులు తీరారు. మిట్టమధ్యాహ్నానికి ఎండ నిప్పులు చెరుగుతుంటే అందరూ నీడల్లోకి సర్దుకున్నారు. ఎల్లమంద కూడా తల డిప్పలోకి లాక్కున్నాడు. అడవిలో మిట్టమధ్యాహ్నం ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకు తెలుసు. కీచురాయి కూడా కూయదు. ఆకు కదలదు. నీడ కాళ్ళ కిందికి వచ్చి దాక్కుంటుంది.

గురవయ్య మోపు విప్పాడు. ఒక్కొక్క కాలే తీసి తన సగంలో ఒండ్రు మీద అద్దాడు. పంది గిట్ట, ముళ్ళపంది పాదం, కుందేలు పంజా. ఎన్నిసార్లు కడిగినా ప్రతి అడుగులోనూ ఊరిన నీళ్ళు నల్లగా మసి రంగులో తేలాయి. ముప్పై తొమ్మిదో కాలు అద్ది లేస్తుంటే ఎవరో వెనకాలే నిలబడి తన వంతు కోసం చూస్తున్నట్టు అనిపించింది. తిరిగి చూస్తే ఖాళీ ఒడ్డు. మోపును వాగు లోతు మడుగులో విసిరేసి, ఒక్క పరుగున పొదలోకి పోయాడు.

పొద్దు వాలాక చదవడం మొదలైంది. పోలయ్య సగం ముందు చదివారు, రెండు వందల పన్నెండు. తర్వాత గురవయ్య సగం. నూట డెబ్బై మూడు దాకా మామూలుగానే సాగింది. అక్కడ ఎల్లమంద ఆగి, మెడ చాచి, మట్టిని వాసన చూశాడు.

"అడవిపంది ఈరన్న" అన్నాడు.

గుంపులో ఒక ఆడపంది ఉలిక్కిపడి లేచింది. అది ఈరన్న పెళ్ళాం.

"ముళ్ళపంది చిన్నక్క. కుందేలు పెంచలయ్య. కుందేలు పెంచలయ్య తమ్ముడు మాలకొండయ్య..."

ఒక్కో పేరుకూ ఒక్కరు లేచి నిలబడుతున్నారు. ఏడాదిగా ఎవరి ఇంట్లోనూ పలకని పేర్లు అవి.

"ఎల్లమంద తాతా, వీళ్ళు లోయలోకి పోయినవాళ్ళు కదా" అన్నాడు పోలయ్య మెల్లగా.

"పోయారని నా ముందు ఎవరైనా చెప్పారా నాయనా? లిస్టులో పేరుంది. మట్టిలో అడుగుంది. నేను చదువుతాను" అన్నాడు తాబేలు. ఆ మాటంటూ గురవయ్య వైపు ఒక్క చూపు చూశాడు. తల డిప్పలో పెట్టుకున్నంత మాత్రాన కళ్ళు మూసుకున్నట్టు కాదు.

ముప్పై తొమ్మిది పేర్లూ అయ్యాయి. రెండు వందల పన్నెండు, సమానం. గురవయ్య ముఖం మాడిపోయింది. ఎల్లమంద మాత్రం ఇంకా నడుస్తూనే ఉన్నాడు. నీటి అంచు దాకా వెళ్ళి అక్కడ ఒంటరిగా ఉన్న ఒక అడుగు ముందు నిలబడ్డాడు. చిన్న గిట్ట, కొసన చీలిక. ఎప్పుడో ఉచ్చులోంచి తప్పించుకున్నప్పుడు పడిన చీలిక అది. అడుగు అంచులు ఇంకా తడిగా ఉన్నాయి. మసి లేదు.

"కణితి బంగారి" అన్నాడు. "గురవయ్య గెలిచాడు, ఒక్క ఓటు."

సోములు ఎగిరొచ్చి నక్క వీపు మీద వాలాడు. "మొత్తానికి దొరికిందన్నమాట! నాకు చెప్పనేలేదే బావా."

"దొరకలేదు."

"మరి అది ఎవరేశారు?"

"నోర్ముయ్" అన్నాడు గురవయ్య. వాడి గొంతు వాడికే కొత్తగా వినిపించింది. ఎవరేశారని ఎవర్ని అడుగుతాడు? అడగాలంటే మిగతావి తానే వేశానని ఒప్పుకోవాలి.

ఆ సాయంత్రమే సుంకులమ్మ వచ్చింది. బంగారి తల్లి. ఏడాదిలో ఒళ్ళంతా కరిగి ఎముకల గూడు అయిపోయిన కణితి. ఆమె వెనక ఈరన్న పెళ్ళాం, లోయలోకి పోయిన మిగతావాళ్ళ ఇళ్ళవాళ్ళంతా ఉన్నారు.

"గురవయ్య అన్నా, ఆ చీలిక నాకు తెలుసు. దానికి మూడు నెలలు ఆకు పసరు పూసింది నేనే. అది నా బిడ్డ అడుగే. నీకు ఓటేసింది. నా బిడ్డ బతికే ఉందా?"

గురవయ్య ఆమె కళ్ళలోకి చూడలేకపోయాడు. వాడు పాపం దుర్మార్గుల్లో మరీ పెద్ద దుర్మార్గుడు కాదు. కానీ "లేదు" అంటే నలభై ఓట్లూ పోతాయి. బండ పోతుంది.

"ఉందమ్మా" అన్నాడు. "అందరూ ఉన్నారు. లోయ అడుగున ఊట నీళ్ళున్నాయి, పచ్చగా ఉంది. అక్కడే కాపురాలు పెట్టుకున్నారు."

"మరి ఏడాదిగా పైకి రాలేదేం?"

"దారి చెడిపోయిందమ్మా. ముఖ్యమంత్రిగా నా మొదటి పని ఆ దారి వేయించడమే."

సుంకులమ్మ నిలబడ్డచోటే కూలబడి భోరున ఏడ్చింది. తర్వాత లేచి, ఏడాదిలో మొదటిసారి కడుపునిండా మేసింది. ఇంటికి పోయి బిడ్డ పడుకునేచోట కొత్త గడ్డి పరిచింది. మిగతా ఇళ్ళల్లోనూ అదే సందడి. అది చూసిన పోలయ్య వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. అబద్ధమని తనకు తెలుసు, కానీ అంత సంతోషాన్ని ఏ నోటితో చెరపాలి?

గురవయ్య దండాల యాత్ర మొదలుపెట్టాడు. నూట డెబ్బై మూడు గడపలూ ఎనిమిది రోజుల్లో చుట్టేశాడు. తొమ్మిదో రోజు కాలు బెణికిందన్నాడు, పదో రోజు కడుపులో నొప్పన్నాడు. పదకొండో రోజు ఆ ఇళ్ళవాళ్ళంతా వాడి గుహ ముందుకు వచ్చి కూర్చున్నారు.

"పద అన్నా. నువ్వు దండం పెట్టడానికి వెళ్తావుగా, నీ వెనకే మేమూ వచ్చి మావాళ్ళను చూసుకుంటాం" అంది సుంకులమ్మ.

ఎల్లమంద, పోలయ్య, సోములు కూడా వెంట రాగా, అందరూ మూగలోయ అంచుకు చేరేసరికి ఎండ నడినెత్తిన ఉంది. కింద ఏమీ కనిపించడం లేదు, బూడిదరంగు మసక తప్ప. ఎల్లమంద అందరినీ అక్కడే ఆపాడు. "గడప దగ్గరికి గెలిచినవాడొక్కడే పోవాలి. మిగతావాళ్ళు ఇక్కడుండండి" అని, గురవయ్యను పక్కకు పిలిచి మెల్లగా అన్నాడు.

"ఇంకా ఆలస్యం కాలేదు నాయనా. వాళ్ళు పోయారనీ, ఓట్లు నువ్వేశావనీ ఈ తల్లి ముందు ఒక్క మాట చెప్పు. బండ పోతుంది, నువ్వు మిగులుతావు."

"నువ్వు చూశావా తాతా?"

"ముప్పై తొమ్మిది చూశాను."

గురవయ్య ఇంకాస్త దగ్గరికి జరిగాడు. "నలభయ్యోది?"

"నేను నీకంటే పెద్దవాణ్ణే గానీ, అది నాకూ తెలీదు."

నక్క వెనక్కి తిరిగి చూశాడు. దూరంగా, చెట్ల సందుల్లోంచి, వాగు ఒడ్డున నల్లబండ ఎండకు మెరుస్తోంది. ఇంకొక్క అరగంట. నలభై పేర్లు పిలిచి, ఎముకలకు నలభై దండాలు పెట్టి వస్తే అయిదేళ్ళు తిరుగులేదు.

"వాళ్ళు బతికే ఉన్నారు" అని గట్టిగా అని, కిందికి దిగాడు.

పైనున్నవాళ్ళకు వాడు కనిపించడం మానేశాడు. కాసేపటికి వాడి గొంతు మాత్రం వినిపించింది. ఏ చప్పుడూ పైకి రాని ఆ లోయలోంచి ఆ ఒక్క గొంతు చెవి పక్కనే మాట్లాడినట్టు వస్తోంది.

"ఈరన్నా, మీ ఓటుకు దండం, మీ మాట వింటాను. చిన్నక్కా, మీ ఓటుకు దండం, మీ మాట వింటాను."

చకచకా సాగిపోతోంది. బడిపిల్లాడు ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పుకుపోతున్నాడు. పదో పేరు దగ్గర కొంచెం తడబడ్డాడు. ఇరవయ్యో పేరు దగ్గర ఆగాడు.

"ఎవరది?"

పైనున్న ఎవరికీ జవాబు వినపడలేదు. గురవయ్యకు మాత్రం వినపడ్డట్టుంది.

"లేవకండి, లేవకండి. కూర్చునే ఉండండి. నేనే వచ్చాగా." మళ్ళీ నిశ్శబ్దం. "కాళ్ళా? మీ కాళ్ళు... వాగులో ఉన్నాయి. మడుగులో పారేశాను. తెచ్చిస్తాను, ఇప్పుడే పోయి తెచ్చిస్తాను."

సోములు పక్కచెట్టు మీద నుంచి ఇంకాస్త ఎత్తు కొమ్మకు మారాడు.

"సరే, సరే, ముందు పిలుస్తాను. కోప్పడకండి" అంటోంది లోపలి గొంతు. మళ్ళీ పేర్లు మొదలయ్యాయి. ఇప్పుడు తొందర లేదు, ఒక్కో పేరుకూ మధ్య చాలాసేపు వింటున్నాడు. "అవును. అవునవును. నాకు తెలీదు. నేనెప్పుడూ ఆ సంగతి ఆలోచించలేదు." ముప్పై తొమ్మిది అయ్యాయి. ఆ తర్వాత సన్నగా, వణుకుతూ వినిపించింది.

"బంగారీ. మీ ఓటుకు దండం."

సుంకులమ్మ చెవులు రెండూ నిక్కబొడుచుకుంది.

"నీ ఓటు నేను వెయ్యలేదమ్మా. నీ కాలు నాకు దొరకనేలేదు. ఎవరేశారు?" నిశ్శబ్దం. "నువ్వేనా? నా వెనక నిలబడ్డది నువ్వేనా? నాకెందుకేశావు తల్లీ? నేను దొంగను. పోలయ్యకు వెయ్యాల్సింది. ఆయన మంచివాడు."

ఈసారి నిశ్శబ్దం చాలాసేపు ఉంది. పోలయ్య తల వంచుకుని నిలబడ్డాడు.

"నిజమే" అన్నాడు లోపల గురవయ్య. "ఏడాదిగా ఎవరూ దిగలేదు. పోలయ్య దిగలేదు. మీ అమ్మ కూడానా? ఒక్కసారి కూడా రాలేదా? నేనొక్కణ్ణే దిగాను. కాళ్ళు కొరికిపోవడానికైనా దిగాను. అది చాలా మీకు?"

సుంకులమ్మ ఇంకో అడుగు ముందుకేసి అంచు మీద నిలబడింది. బిడ్డ గొంతు ఆమెకు వినపడలేదు. ఎంత చెవి ఒగ్గినా వినపడలేదు. వినపడినంతలో అర్థమైంది మాత్రం ఒకటే. బిడ్డ కింద ఉంది, ఏడాదిగా తన కోసం చూసింది, తను రాలేదు. ఇంట్లో కొత్త గడ్డి పరుచుకుని కూర్చుంది.

"ఇక నేను పైకి పోతాను" అంటున్నాడు నక్క. "బండ ఎక్కాలి, ప్రమాణం చెయ్యాలి. ఇక్కడా? ఇక్కడ ఏ బండ... ఓ, ఇదా. మీరు నలభై మందీ మోసుకొచ్చారా? కాళ్ళు లేకుండా ఎట్టా... వద్దు, వద్దు, లాగొద్దు. ఎక్కుతాను. ఎక్కుతున్నాను."

రాయి మీద గోళ్ళు గీరుకున్న చప్పుడు. తర్వాత, అలసిపోయిన గుమాస్తా గొంతుతో వినిపించింది. "కూర్చున్నాను. ఒక్కొక్కరూ చెప్పండి. ముందు ఈరన్న. దాహమా? రాసుకుంటున్నా. తర్వాత?"

సుంకులమ్మ ఎల్లమంద ముందుకొచ్చి నిలబడింది. ఆమె పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. పోలయ్య పక్కకు వచ్చి నిలబడ్డాడు, కానీ సాయం చెయ్యలేదు. ఈ మాట అరువిచ్చేది కాదు.

"పోయింది" అంది సుంకులమ్మ. "నా బంగారి పోయింది తాతా." మూడోసారి ఆ మాట లోయలోకి తిరిగి, బిడ్డకు వినపడేంత గట్టిగా అంది. "పోయిందమ్మా. నువ్వు పోయావు. నాకు తెలుసు. ఆ రోజే తెలుసు. చెప్పలేకపోయాను."

ఆమె తర్వాత ఈరన్న పెళ్ళాం వచ్చింది. ఆమె తర్వాత పెంచలయ్య తల్లి, ఇద్దరు కొడుకుల కోసం ఆరుసార్లు చెప్పింది. పొద్దు వాలేదాకా ఆ మాటే, నూట ఇరవై సార్లు. ప్రతి మూడోసారికీ ఎల్లమంద తల ఊపి లిస్టులోంచి ఒక పేరు తీసేశాడు.

"గురవయ్యకు మిగిలినవి నూట డెబ్బై మూడు. గెలిచింది పోలయ్య" అన్నాడు చివరికి.

పోలయ్య మీసం దువ్వలేదు. సరాసరి వాగుకు పోయి లోతు మడుగులోకి దిగాడు. తీగమోపు దొరికేదాకా పైకి రాలేదు. మర్నాడు పోలయ్య ముందు, ఆ ఇళ్ళవాళ్ళంతా వెనక, దొప్పల్లో నీళ్ళు పట్టుకుని ఏడాది ఆలస్యంగా లోయలోకి దిగారు. ఎవరి కాలు వాళ్ళ దగ్గర పెట్టి, గొంతులు తడిపి, మట్టి కప్పి వచ్చారు. గుమిగూడిన ఎముకల మధ్యన, అందరికంటే లోపల, బంగారి దొరికింది. కాళ్ళు నాలుగూ ఉన్నాయి. కుడి గిట్టకు ఒండ్రుమట్టి అంటుకుని ఉంది. సుంకులమ్మ దాన్ని నాకి శుభ్రం చేసి, పక్కనే పడుకుని, కాసేపటి తర్వాత తనంతట తనే లేచి పైకి వచ్చింది.

గురవయ్య మాత్రం కనపడలేదు. గోళ్ళ గీతలు పడిన ఒక బండ ఉంది, దాని మీద ఎవరూ లేరు.

"వీడి పేరు ఏం చెయ్యాలి తాతా?" అని అడిగాడు పోలయ్య.

"సొంతవాళ్ళెవరైనా వచ్చి మూడుసార్లు చెప్పాలి" అని ఎల్లమంద సోములు వైపు చూశాడు. "నువ్వు వాడికి ఏమవుతావు?"

"నేనా? ఆయనెవరో నాకు తెలీదండీ" అని కాకి ఎగిరిపోయి పోలయ్య కొమ్ము మీద వాలబోయాడు. పోలయ్య తల విదిలించాడు.

అందుకని గురవయ్య పేరు లిస్టులో అలాగే ఉండిపోయింది. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ఆ దారిన పోయినవాళ్ళు ఇప్పటికీ చెప్తారు. లోయ అడుగు నుంచి ఒక గొంతు, ఓపిగ్గా, ఎవరితోనో అంటూ ఉంటుంది: "వింటున్నాను. తర్వాత ఎవరు?"

నీతి: ఎవరి ఓట్లతో గెలుస్తావో, నువ్వు వాళ్ళకే ముఖ్యమంత్రివి.